టు-లెట్ బోర్డు ముందు మిస్సమ్మ

గుంటూరు బ్రాడీపేటలో అద్దె ఇల్లు వెతకడమంటే లైన్లూ అడ్డరోడ్లూ అన్నీ కాలినడకన తిరగడమే. మూడేళ్ల కిందట ఒక మే నెలలో నా స్నేహితురాలికి తోడుగా నేనూ అలా తిరిగాను. తను నర్సు. పెళ్లి కాలేదు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తుంది, బొట్టు పెట్టుకోదు. గేట్లకు వేలాడే అట్టముక్కల మీద 'టు-లెట్' కింద చిన్న అక్షరాలతో 'ఫ్యామిలీకి మాత్రమే' అనో 'శాకాహారులకు మాత్రమే' అనో ఉంటుంది. అట్ట మీద రాయడానికి మొహమాటపడే ప్రశ్న గేటు దాటాక ఎదురవుతుంది: "మీరేవిట్లమ్మా?" ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి దీని అర్థం విడమరచి చెప్పక్కర్లేదు.

నాలుగిళ్లలో లేదనిపించుకుని ఐదో ఇంటి మెట్లెక్కాం. ఇంటావిడ అరవై దాటిన మనిషి. వసారాలో పీట వేసుకుని గోంగూర వలుస్తోంది. తలెత్తి మా ఇద్దర్నీ చూసింది. ఆవిడ చూపు నా బొట్టు మీద ఒక్క క్షణం ఆగింది, నా స్నేహితురాలి బోసి నుదుటి మీద ఇంకాస్త ఎక్కువసేపు ఆగింది. "ఈ అమ్మాయెవరు?" అని నన్నే అడిగింది. "మా పెద్దమ్మ కూతురండీ" అనేశాను. ముందుగా అనుకుని అన్న మాట కాదు. ఎండలో తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి, నోరు తనంతట తానే ఆ మాట అనేసింది. ఆవిడ మొహం విప్పారింది. మంచినీళ్లిచ్చింది, మేడ మీద గది చూపించింది, అడ్వాన్సు తీసుకుంది.

వీధి మలుపు తిరిగాక నా స్నేహితురాలు ఆగి, "మిస్సమ్మ సినిమా అయిపోయిందే మన బతుకు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక తను కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి 'మిస్సమ్మ' మళ్లీ పెట్టుకుని చూశాను. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. టీవీలో వస్తే మా అమ్మ వంట ఆపేసి వచ్చి కూర్చునేది, ఆమె పక్కన నేను. అప్పుడు పాటలూ నవ్వులే తెలిశాయి. ఆ రోజు మాత్రం, తలదాచుకునే చోటు కోసం తాను కాని మనిషిగా నటించాల్సిన అమ్మాయి తెర మీద కనిపించింది. ఇంత బరువైన విషయాన్ని అంత తేలిగ్గా ఎలా మోశారు, మోసినట్టు తెలియకుండా ఎలా మోశారు అన్న ప్రశ్న అప్పుడే పట్టుకుంది. ఈ వ్యాసం దానికి జవాబు వెతకడమే.

సినిమా వచ్చింది 1955 జనవరి 12న, సంక్రాంతి పండక్కి. విజయా ప్రొడక్షన్స్ వాళ్లు మద్రాసులో తీశారు. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. కథని బెంగాలీ నుంచి తెచ్చి తెలుగు చేసింది చక్రపాణి. ఆయన మన తెనాలి మనిషి, శరత్ నవలల్ని తెలుగువాళ్లకి ఇంటి కథల్లా అలవాటు చేసిన అనువాదకుడు. రవీంద్రనాథ్ మైత్ర అనే బెంగాలీ రచయిత రాసిన నాటకం 'మిస్సమ్మ'కి మూలం. అయినా ఆ కథకి పరాయి రాష్ట్రం వాసన ఎక్కడా తగలదు. తగలకపోవడానికి మనుషులూ ఒక కారణమే. మేరీగా వేసిన సావిత్రిది గుంటూరు జిల్లా చిర్రావూరు, పెరిగింది బెజవాడలో. జమీందారు రెండో కూతురిగా వేసిన జమున పెరిగింది దుగ్గిరాలలో. రావుగా వేసిన ఎన్.టి.రామారావు బి.ఏ. చదివింది ఇదే గుంటూరులో, ఏసీ కాలేజీలో. క్రైస్తవ మిషనరీలు పెట్టిన కాలేజీలో చదువుకున్న బి.ఏ. కుర్రాడు, సినిమాలో ఒక క్రైస్తవ అమ్మాయి పక్కన ఉద్యోగం లేని బి.ఏ.గా నిలబడ్డాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

కథ అందరికీ తెలిసిందే అయినా ముడి ఎక్కడుందో చూడటానికి ఒకసారి చెప్పుకుందాం. అప్పాపురం అనే ఊళ్లో జమీందారు గోపాలం గారికి ఒక కూతురు చిన్నప్పుడే తప్పిపోయింది. ఆ పిల్ల పేరు మీద బడి పెట్టాడు. ఆ బడికి పంతుళ్లుగా డిగ్రీ చదివిన దంపతులు కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చాడు. దంపతులే కావాలి, విడివిడిగా వస్తే పనికిరారు. మద్రాసులో ఉండే మేరీకి ఉద్యోగం కావాలి. తండ్రి పాల్ అప్పు చేశాడు, అప్పిచ్చిన డేవిడ్ ఆమెను పెళ్లి చేసుకుంటానని వెంటపడుతున్నాడు. రావుకీ ఉద్యోగం కావాలి. ఇద్దరూ మొగుడూ పెళ్లాలమని చెప్పి అప్పాపురం చేరతారు. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. జమీందారు దంపతులు వీళ్లని కూతురూ అల్లుడూ వచ్చినంతగా చూసుకుంటారు. బయట సంసారం, తలుపు వేశాక కీచులాట. జమీందారు మేనల్లుడు రాజుకి తానొక గొప్ప డిటెక్టివ్‌నని నమ్మకం, వీళ్ల మీద అనుమానం. ఇదీ సరంజామా.

ప్రకటనలో ఉన్న ఆ 'దంపతులే' అన్న షరతు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. జమీందారు చెడ్డవాడు కాడు. కడుపుకోత పడ్డవాడు, పిల్లలకి చదువు చెప్పించాలనుకున్నవాడు. ఆడా మగా పంతుళ్లు ఒకే చోట పనిచేస్తే పెళ్లైనవాళ్లయితేనే గౌరవంగా ఉంటుందని ఆయన నమ్మకం. మాకు గది ఇచ్చిన ఇంటావిడ కూడా చెడ్డ మనిషి కాదు. సినిమా చూపిన మొదటి నిజం ఇదే అనుకుంటాను. మనుషుల్ని గడపలోకి రానివ్వని షరతుల్లో చాలా భాగం దుర్మార్గుల చేతుల్లో తయారైనవి కావు. మంచి మర్యాద తెలిసినవాళ్లే, మర్యాద పేరుతోనే వాటిని గేటుకి కడతారు. అందుకే ఈ సినిమాలో విలన్‌ని కొట్టి సమస్య తీర్చే వీలు లేదు. ప్రేమగా అన్నం పెట్టే చేత్తోనే షరతు కూడా పెట్టే మనిషితో ఏం చేయాలి? కోప్పడితే అది అన్యాయమవుతుంది, ఊరుకుంటే మనకి అన్యాయమవుతుంది. ఈ ఇరకాటంలోంచే 'మిస్సమ్మ'లో నవ్వంతా పుడుతుంది.

ఇక ఆ పేరు. 'మిస్సమ్మ' అన్న మాట సినిమావాళ్లు పుట్టించింది కాదు. గుంటూరుకి 1842లో హయ్యర్ అనే లూథరన్ మిషనరీ వచ్చాడు. తర్వాత అమెరికా నుంచి పెళ్లి కాని ఆడవాళ్లు కూడా వచ్చి బళ్లు, ఆసుపత్రులు నడిపారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి ఈ ఊళ్లోనే జీవితమంతా గడిపింది, ఆమె పేరుతో ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. ఇలాంటి దొరసానుల్ని, తర్వాత వాళ్ల దగ్గర చదువుకుని టీచర్లయిన మన క్రైస్తవ అమ్మాయిల్ని జనం 'మిస్సమ్మ గారు' అనేవారు. ఇంగ్లీషు మిస్, దాని పక్కన తెలుగు అమ్మ. పెళ్లి కాలేదని చెప్పే మాటకి అమ్మ అన్న గౌరవాన్ని అతికించారు మనవాళ్లు. చదువుకుని, సొంత జీతం మీద బతికే, పెళ్లి కాని ఆడమనిషి అప్పటి పల్లెకి కొత్త. ఆమెను ఏమని పిలవాలో తెలియక మన భాష తయారు చేసుకున్న పిలుపది. అందులో కాస్త దూరం ఉంది, చాలా మర్యాద ఉంది. సినిమా ఆ పిలుపునే పేరుగా పెట్టుకుని, ఆ పిలుపు వెనకున్న మనిషి ఎవరో చూడమంది.

మూసపాత్రలకీ హాస్యానికీ మన సినిమాల్లో పాత చుట్టరికం ఉంది. నత్తివాడు వస్తే నవ్వాలి, లావుపాటి మనిషి కింద పడితే నవ్వాలి, ఫలానా యాస మాట్లాడితే నవ్వాలి. తర్వాతి దశాబ్దాల్లో క్లబ్బులో డాన్సు చేసే అమ్మాయికి క్రైస్తవ పేరు పెట్టడం మామూలైపోయింది, ఆ పేరు వినగానే హాల్లో ఈలలు. దీన్ని తెలుగులో ఎకసెక్కం అంటాం. హాస్యం ఇది కాదు. తేడా ఎక్కడుందంటే, నవ్వు ఎవరి మీద పడుతోందన్న దగ్గర. ఎకసెక్కంలో నవ్వు మనిషి మీద పడుతుంది, ఆ మనిషి పుట్టుక మీద, ఒంటి తీరు మీద పడుతుంది. 'మిస్సమ్మ'లో మేరీ మతాన్ని చూసి నవ్వే సందర్భం ఒక్కటి కూడా నాకు కనిపించలేదు. ఆమె మేరీమాతకి దణ్ణం పెట్టుకునే పాటని ఎస్.రాజేశ్వరరావు ఎంత భక్తిగా కట్టారో, పి.లీల ఎంత ఆర్తిగా పాడారో విన్నవాళ్లకి తెలుసు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో బెజవాడ గుణదల కొండకి తిరునాళ్లకి వెళ్లేవాళ్లలో హిందువులూ ఉంటారు. మేరీమాతకి కొబ్బరికాయ కొట్టడం మనకి వింత కాదు. ఆ మట్టిలోంచి వచ్చిన పాటలా ఉంటుందది. కథలో ఆ ప్రార్థనని ఎవరూ ఎగతాళి చేయరు, కెమెరా కూడా చేయదు.

మరి నవ్వు ఎవరి మీద పడుతుంది? చూసిన వెంటనే మనిషిని ఫలానా అని తేల్చేసే అలవాటు మీద. డిటెక్టివ్ రాజు పాత్ర అందుకే ఉంది. అక్కినేని నాగేశ్వరరావు ఆ వేషం వేయడమే ఆశ్చర్యం. 1953లో 'దేవదాసు' వచ్చి ఆయన ఊరూరా విషాద నాయకుడైపోయాడు. జనం ఆయన్ని చూస్తే కళ్లు తుడుచుకోవడానికి సిద్ధపడే రోజులు. ఒకే ముద్ర పడిపోతుందని భయపడి, తెలిసి తెలిసి ఈ రెండో హీరో హాస్యపాత్ర ఒప్పుకున్నారాయన. ఇంత పెద్ద నటుడు పక్క పాత్ర వేయడమేమిటని అనుకునే కాలంలో తన మీద పడిన మూసని తానే పగలగొట్టుకున్నాడు. రాజు అందర్నీ అనుమానిస్తాడు, ప్రతి చిన్నదాన్నీ ఆధారమంటాడు, ఆధారాలు కలిపి తప్పు లెక్క తేలుస్తాడు. నుదుటి మీద బొట్టు లేదు కాబట్టి ఇలాంటిది, గొంతు పెద్దది కాబట్టి అలాంటిది అని మనం రోజూ వేసే లెక్క ఇదే కదా. అతన్ని చూసి నవ్వుతూ ఉండగా, ఆ నవ్వు మన దగ్గరికి కూడా వస్తుంది. కానీ గుచ్చదు. రాజు మంచివాడు, చివరికి అసలు నిజం కనిపెట్టేదీ అతనే. తప్పుడు లెక్కలు వేసినవాడికి కూడా సినిమా మర్యాద మిగిల్చింది. నాకు బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి.

జమీందారుగా ఎస్.వి.రంగారావు గురించి కొంచెమే చెప్తాను, ఆయన గురించి మొదలుపెడితే ఆగదు. అంతకు నాలుగేళ్ల ముందు 'పాతాళభైరవి' మాంత్రికుడిగా పిల్లల్ని దుప్పట్లో దూరేలా చేసిన మనిషి. 'మిస్సమ్మ' నాటికి ఆయనకి నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆ కంఠమే ఇక్కడ 'అమ్మాయీ' అని పిలిస్తే వెన్నపూసలా ఉంటుంది. జమీందారంటే కొరడా అన్న మూస అంతటితో కరిగిపోతుంది.

మేరీ దగ్గరికి వద్దాం. అసలు గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఆ వేషానికి మొదట అనుకున్నది భానుమతిని. కొంత షూటింగ్ కూడా జరిగింది. చక్రపాణికీ ఆమెకీ మాట తేడా వచ్చి ఆమె తప్పుకున్నారు. అప్పటికి జమీందారు రెండో కూతురి పాత్రకి ఉన్న సావిత్రిని మేరీగా మార్చి, ఆ చిన్న పాత్రలోకి జమునని తెచ్చారు. సావిత్రి అప్పటికి చాలా చిన్న వయసు అమ్మాయి. ఆమె చేతిలో మేరీ ఎలా తయారైందంటే, ఈ సినిమా చూసినవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఆమె చిరాకు. తెలుగు సినిమా కథానాయిక సినిమా మొత్తం చిరాకు పడుతూ ఉండటమన్నది ఇప్పటికీ అరుదే. కోపం వచ్చిన కథానాయికలు మనకి లేకపోలేదు. వాళ్లకి రెండే దారులు. పొగరుబోతు అయితే చివర్లో హీరో చెంపదెబ్బతో దారికి రావాలి, లేదంటే కన్నీళ్లతో దేవత కావాలి. మేరీ కోపం ఈ రెండిట్లో ఏదీ కాదు. అది అలసట లోంచి వచ్చిన కోపం. నచ్చని అబద్ధం చెప్పాల్సి వచ్చినందుకు, చెప్పిన అబద్ధాన్ని అందరూ ప్రేమగా నమ్మేసినందుకు, ఆ ప్రేమ తనది కాదన్న ఎరుకతో వచ్చే కోపం. సావిత్రి కళ్లు ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఎదుటివాళ్లు ఆప్యాయంగా మాట్లాడుతున్నప్పుడు ఆ కళ్లలో ముందు ఒక మెత్తదనం వస్తుంది, వెంటనే దాన్ని నొక్కేసి మొహం గంటు పెట్టుకుంటుంది. మెత్తబడితే అబద్ధంలో ఇంకాస్త లోతుకి దిగినట్టే కదా. ఈ రెండు ముఖాల మధ్య ఉన్న అరక్షణం కోసం నేను ఆ సినిమా ఎన్నిసార్లయినా చూస్తాను. ఆ మేడ మీద గదిలో నా స్నేహితురాలి మొహంలో, ఇంటావిడ కిందనుంచి పులిహోర పంపిన రోజు, అచ్చం అదే అరక్షణం చూశాను.

రావు ఆమె కోపానికి ఎలా జవాబిస్తాడన్నది రెండో సగం. మగవాడంటే ఆడదాన్ని లొంగదీసుకోవాలన్నది పాత మూస, ఇప్పటి సినిమాల్లోనూ దానికి కొదవ లేదు. మేరీ అరిస్తే రావు కాసేపు ఆటపట్టిస్తాడు, కాసేపు ఊరుకుంటాడు, ఊళ్లోవాళ్ల ముందు ఆమె పరువు కాస్తాడు. తర్వాతి కాలంలో రాముడిగా, కృష్ణుడిగా తెలుగువాళ్లు చేతులెత్తి మొక్కిన ఎన్టీఆర్ ఇక్కడ తిట్లు తిని నవ్వుకునే మామూలు నిరుద్యోగి. ఆ నవ్వులో చేతకానితనం లేదు. ఎదుటి మనిషికి కోపం రావడానికి కారణం ఉందని తెలిసిన మనిషి నవ్వది.

వీళ్ల తగువుని పాటల్లో పింగళి నాగేంద్రరావు ఎలా కట్టారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 'తెలుసుకొనవె' అని మొదలయ్యే పాట సినిమాలో రెండుసార్లు వస్తుంది. ఒకసారి మేరీ, ఆడపిల్లలు మగవాళ్లతో ఎలా ఉండాలో చెల్లెలి లాంటి అమ్మాయికి చెప్తూ పాడుతుంది. అదే వరసలో రావు, ఆడవాళ్లు ఎలా ఉండాలో చెప్తూ బదులు పాడతాడు. వరస ఒకటే, వాదాలు రెండు. ఎవరి పాట వింటుంటే వాళ్లదే న్యాయమనిపిస్తుంది. సంగీత దర్శకుడు ఒకే బాణీ ఇద్దరికీ ఇవ్వడంతో ఎవరికీ పైచేయి దక్కలేదు. నాకు రావు పాటలో ఆడవాళ్ల సాధింపుల మీద ఉన్న మాటలు ఇప్పటికీ కొంచెం చురుక్కుమంటాయి. అయితే ఆ పాట ఒంటరిగా లేదు, మేరీ పాట దాని ఎదురుగా గట్టిగా నిలబడి ఉంది. ఒక్కదాన్నే వినిపించి ఉంటే అది నీతిబోధ అయ్యేది. రెండూ వినిపించారు కాబట్టి అది సంభాషణ అయింది.

'రావోయి చందమామ' సంగతి మరీ బాగుంటుంది. వెన్నెల్లో ఇద్దరూ చంద్రుడితో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. ఆ వెన్నెల మార్కస్ బార్‌ట్లే కెమెరాది, 'విజయా వారి వెన్నెల' అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎ.ఎం.రాజా, లీల గొంతులు. ఆ పాటలో పింగళి 'మతం' అన్న మాట వాడారు. తెలుగులో ఆ మాటకి రెండర్థాలున్నాయి. అభిప్రాయం అన్నది పాత అర్థం, ఏకాభిప్రాయాన్ని ఏకమతం అంటాం. దేవుడికి సంబంధించింది రెండోది, ఇప్పుడు మనకి అదే ముందు తడుతుంది. పాట వింటున్నవాళ్లకి ఆలుమగల అభిప్రాయాలు కలవడం లేదన్నట్టు వినిపిస్తుంది. వాళ్లిద్దరికీ మాత్రం అసలు తేడా ఏమిటో తెలుసు, మనకీ తెలుసు. పక్కనున్నవాళ్లకి సంసారపు కీచులాట, లోపల మతాల మధ్య దూరం, రెండూ ఒక్క మాటలో. ఉపన్యాసం ఇవ్వాల్సిన చోట ఒక శ్లేష వేసి ఊరుకున్నాడు ఆ మహానుభావుడు. ఆ శ్లేష అందనివాడికి కూడా పాట హాయిగానే ఉంటుంది. అందినవాడికి మాత్రం మనసులో నిలిచిపోతుంది.

ఇంత తేలిగ్గా నవ్విస్తున్న విషయం ఆ రోజుల్లో ఎంత బరువైందో తెలియాలంటే చట్టం వైపు చూడాలి. హిందువు, క్రైస్తవురాలు ఎవరి మతం వాళ్లు ఉంచుకుని రిజిస్టర్ పెళ్లి చేసుకోవడానికి వీలిచ్చిన ప్రత్యేక వివాహ చట్టం 1954లో పార్లమెంటులో నెగ్గి, 1955 జనవరి 1న అమల్లోకి వచ్చింది. చర్చి పెళ్లి దారి ఒకటి విడిగా ఉన్నా, 1872 నాటి పాత చట్టం కింద వాళ్లిద్దరూ రిజిస్టర్ పెళ్లి చేసుకోవాలంటే ముందు తమ మతాన్ని కాదని ప్రకటించాల్సిందే. కొత్త చట్టం అమల్లోకి వచ్చిన పదకొండు రోజులకి 'మిస్సమ్మ' విడుదలైంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాదీ మూడు నెలలు, హైకోర్టు గుంటూరులోనే ఉంది. ఈ ఊరి హాల్లో ఆ సంక్రాంతికి సినిమా చూసినవాళ్లలో ప్లీడర్లూ గుమాస్తాలూ తప్పకుండా ఉండి ఉంటారు. కోర్టు కాగితాల మీద అప్పుడే సిరా ఆరుతున్న హక్కుని వాళ్లు తెర మీద ఒక కీచులాటగా చూసి నవ్వారు. ఆ చట్టం కింద ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసులో అందరికీ కనపడేలా అంటించాలి, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ నిబంధన ఈ రోజుకీ ఉంది. నోటీసు బోర్డు ముందు ఆగి పేర్లు చదివే కళ్లు కూడా ఇంకా ఉన్నాయి.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఎదురవుతుంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. చివర్లో ఏం జరుగుతుంది? మేరీయే ఆ తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలుతుంది. పుట్టుకతో హిందువే. అంటే కులం, మతం, ఇల్లు, వాకిలి అన్నీ చక్కగా అతుకుతాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. మరి దాదాపు మూడు గంటలు ధిక్కరించి చివరి పది నిమిషాల్లో కాళ్ల మీద పడిపోయినట్టే కదా? నా స్నేహితురాలు ఈ మాట సూటిగానే అంది. "నేను మాత్రం ఏ జమీందారుకీ తప్పిపోయిన కూతుర్ని కానే. నేను మేరీగానే పుట్టాను, మేరీగానే ఉంటాను. నాకు ఇల్లెవరిస్తారు?" దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఆలోచించగా నాకు తోచింది ఇది. ఆ ముగింపు సర్దుబాటే, కాదని అనను. 1955 పంపిణీదారుల్నీ ప్రేక్షకుల్నీ దృష్టిలో పెట్టుకుని కట్టిన వంతెన అది. కానీ ఆ రహస్యం ఎప్పుడు బయటపడిందో చూడండి. అంతకు ముందే రావు ఆమెను ప్రేమించాడు. అతనికి ఆమె క్రైస్తవురాలని మొదటి రోజు నుంచీ తెలుసు, మహాలక్ష్మి అని ఆనవాలు కూడా లేదు. అతని ప్రేమకి జనన ధ్రువపత్రం అవసరం పడలేదు. కథ ఆఖరి మలుపు జమీందారు కోసం, ఊరి కోసం, హాల్లో కూర్చున్న పెద్దవాళ్ల కోసం. రావు కోసం కాదు. రెండో సంగతి, దొరికిన పిల్లని కన్నబిడ్డలా పెంచిన పాల్ దంపతులు. ఎవరో తెలియని, ఏ మతమో తెలియని పాపని ఎత్తుకుని చదివించి బి.ఏ. చేసిన క్రైస్తవ కుటుంబం అది. కథ వాళ్లని కించపరచలేదు. అప్పిచ్చి పీడించే డేవిడ్ కూడా క్రైస్తవుడే, ఆదరించిన పాల్ కూడా క్రైస్తవుడే. ఒక మతంవాళ్లంతా ఒకేలా ఉంటారన్న మూస అక్కడే పోతుంది. మూడోది కొంచెం బాధతో చెప్తున్నాను. పుట్టుక తెలిశాక జమీందారు ఇంట్లో మేరీకి దక్కిన ప్రేమ, పుట్టుక తెలియక ముందు దక్కినదాని కంటే గొప్పదేమీ కాదు. అంతకు ముందే వాళ్లు ఆమెను కూతురిలా చూశారు. కొత్తగా వచ్చి చేరింది రక్తసంబంధం అన్న పేరు ఒక్కటే. జాగ్రత్తగా చూసే ప్రేక్షకుడికి, ఆ పేరు లేకపోయినా అన్నీ అలాగే జరిగేవి కదా అనిపిస్తుంది. సినిమా ఆ మాట పైకి అనలేదు, అనుకోకుండా ఆపనూ లేదు.

నా స్నేహితురాలికి ఇది సగమే నచ్చింది. "అనిపించడం వేరు, అనడం వేరు" అంది. ఆ మాటలో న్యాయం ఉంది, నేను దాన్ని కొట్టెయ్యను. ఈ సినిమాని ప్రేమించడానికి దాని భయాన్ని దాచాల్సిన పని లేదు. ఇదే కథ అదే సంక్రాంతికి తమిళంలో జెమినీ గణేశన్‌తో వచ్చింది, 1957లో 'మిస్ మేరీ' పేరుతో మీనాకుమారితో హిందీకి వెళ్లింది. మూడు భాషల కుటుంబాలు పిల్లా పాపలతో హాళ్లకి వెళ్లి, బొట్టు లేని ఒక టీచరమ్మ పక్షాన నిలబడి నవ్వి వచ్చాయి. కోపంగా తీసిన సినిమా అయితే ఆ ఇళ్లలో సగం మంది వెళ్లేవాళ్లు కారు. వెళ్లనివాళ్ల మీద ఏ సినిమా పనిచేయదు.

తేలిక సినిమా అంటే మన విమర్శకులకి కొంచెం చిన్నచూపు ఉంది. కన్నీళ్లు పెట్టిస్తే ఉత్తమ చిత్రం, నవ్విస్తే కాలక్షేపం. కానీ మూసని పగలగొట్టడంలో కన్నీళ్లు చేయలేని పని నవ్వు చేస్తుంది. ఏడిపించే సినిమా ఎదుటి మనిషిని పాపం అనిపిస్తుంది. పాపం అనుకున్నప్పుడు మనం పైన ఉంటాం, వాళ్లు కింద ఉంటారు. కలిసి నవ్వినప్పుడు అందరం ఒకే అరుగు మీద కూర్చుంటాం. మేరీ మీద మనకి జాలి కలగదు, ఆమె కలగనివ్వదు. ఆమె చిరాకు మనకి అర్థమవుతుంది, రేపు ఏం చేస్తుందోనని టెన్షన్ పడతాం, ఆమె గెలవాలని కోరుకుంటాం. పక్కింటి మనిషి గురించి ఇలా అనిపించడానికి మనకి చాలాసార్లు ఏళ్లు పడుతుంది.

మా ఇంటావిడకి ఏడు నెలలు పట్టింది. క్రిస్మస్ ముందు నా స్నేహితురాలు మేడ మీద స్టార్ కట్టుకోవాలనుకుంది. కట్టే ముందు కిందికి దిగి, తాను నాకు పెద్దమ్మ కూతుర్ని కాననీ, ఏ చర్చికి వెళ్తుందో కూడా తనే చెప్పేసింది. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు పైకొచ్చి తలుపు దగ్గర నిలబడి, "ముందే చెప్తే ఏం పోయింది?" అంది. "ముందే చెప్తే ఇల్లిచ్చేవారా పిన్నిగారూ?" అని తను అడిగింది. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ చాలాసేపు ఆలోచించి, "ఇచ్చేదాన్ని కాదులే" అంది. ఆ నిజాయితీకి నాకు ఇప్పటికీ ఆవిడ మీద గౌరవం. స్టార్ కట్టడానికి వైరు ఆవిడే ఇచ్చింది.

కిందటి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి పేరంటానికి నన్నూ రమ్మంది. నేను వెళ్లేసరికి నా స్నేహితురాలు డ్యూటీ నుంచి నేరుగా వచ్చి చాప మీద ఓ పక్కగా కూర్చుని ఉంది. ఇంటావిడ వరసగా అందరికీ కాళ్లకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం చేతిలో పెడుతోంది. నాకు పెట్టింది. తన దగ్గరికి వచ్చేసరికి కుంకుమ భరిణలో పెట్టిన వేలు అలాగే ఆగింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా చూస్తున్నారు. ఆవిడ వేలు చీరకి తుడుచుకుని, భరిణ మూత పెట్టింది. పూలు తీసి తన చేతిలో పెట్టింది, దోసిలి పట్టమని నానిన శనగలు పోసింది. పక్కింటావిడ ఏదో అనబోతే, "మా మేడ మీద అమ్మాయిలే, బొట్టు పెట్టుకోదు" అని ఇంకో గుప్పెడు శనగలు పోసి ముందుకి జరిగింది.